దీవి దాటిన పాట

1980 ఏప్రిల్ 17 అర్ధరాత్రి. అప్పటికింకా సాలిస్‌బరీ అనే పిలుస్తున్న హరారే నగరంలో రుఫారో స్టేడియం కిక్కిరిసి ఉంది. బ్రిటన్ జెండా దిగబోతోంది, జింబాబ్వే జెండా ఎగరబోతోంది. బ్రిటన్ యువరాజు చార్లెస్ వచ్చారు. కొత్త ప్రధాని రాబర్ట్ ముగాబే ఉన్నారు. అతిథుల్లో ఇందిరా గాంధీ కూడా ఉన్నారు. ఆ దేశపు తొలి రాత్రి పాడటానికి వచ్చిన గాయకుడు మాత్రం సముద్రం అవతలివాడు. జమైకా నుంచి సొంత ఖర్చుతో సామగ్రి అంతా మోసుకొచ్చిన బాబ్ మార్లీ. అంతకు ముందు ఏడాదే ‘జింబాబ్వే’ పేరుతో ఆయన కట్టిన పాట అడవుల్లోని గెరిల్లాల నోళ్లలో నానుతోంది. లోపల చోటు దొరకని జనం గేట్లు తోసుకొచ్చారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఆ పొగ వేదికదాకా పాకింది. వాద్యకారులు కళ్లు నులుముకుంటూ పక్కకు తప్పుకున్నారు, పాట ఆగింది. గొడవ సద్దుమణిగాక మళ్లీ మొదలైంది. మర్నాడు, ముందురోజు లోపలికి రాలేకపోయిన మామూలు జనం కోసం ఆయన అదే మైదానంలో మరోసారి పాడారు.

2024లో విడుదలైన ‘బాబ్ మార్లీ: వన్ లవ్’ సినిమా రెగే సంగీతాన్ని మళ్లీ చర్చలోకి తెచ్చింది. ఆ సంగీతపు తొలి తరం మాత్రం ఒక్కొక్కరుగా వెళ్లిపోతోంది. 2020లో టూట్స్ హిబర్ట్, 2021లో బన్నీ వెయిలర్, లీ ‘స్క్రాచ్’ పెర్రీ, రాబీ షేక్‌స్పియర్ కన్నుమూశారు. మార్లీ పాటలకు బేస్ గిటార్ వాయించిన ఆస్టన్ ‘ఫ్యామిలీ మ్యాన్’ బారెట్ సినిమా విడుదలకు కొద్ది రోజుల ముందే పోయారు. వీళ్లు మొదలుపెట్టిన పాట ఇప్పుడు ఐవరీ కోస్ట్ నుంచి న్యూజిలాండ్ దాకా ఎన్నో భాషల్లో బతుకుతోంది. పాట కన్నా దాన్ని అందుకున్నవారి కథే పెద్దది.

పేటలో పుట్టిన తాళం

కింగ్‌స్టన్ పడమటి పేటల్లో 1950లలో రేడియో కూడా లేని ఇళ్లే ఎక్కువ. డబ్బులిచ్చి బ్యాండు పెట్టించుకునే స్తోమత ఎవరికుంది? ఖాళీ స్థలంలో బీరువాలంత స్పీకర్లు పేర్చి, అమెరికా నుంచి తెప్పించిన రికార్డులు వేసి, రాత్రంతా ఆడించే ‘సౌండ్ సిస్టమ్’లు అక్కడ పుట్టాయి. క్లెమెంట్ ‘కాక్సన్’ డాడ్, డ్యూక్ రీడ్, ప్రిన్స్ బస్టర్ ఈ వ్యాపారంలో పోటీదారులు. మరెవరి దగ్గరా లేని రికార్డు ఎవరి దగ్గరుంటే జనం వారివైపు. అమెరికా పాటల ధోరణి మారి, కోరుకున్న రికార్డులు రావడం తగ్గాక వీళ్లే స్థానిక గాయకులతో పాడించి రికార్డులు చేయడం మొదలుపెట్టారు. 1962 ఆగస్టు 6న జమైకా స్వతంత్రమయ్యేనాటికి ‘స్కా’ అనే జోరైన సంగీతం దీవి అంతటా మోగుతోంది. 1966 ప్రాంతంలో ఆ వేగం తగ్గి ‘రాక్‌స్టెడీ’ అయింది. 1968లో టూట్స్ హిబర్ట్ బృందం మేటాల్స్ పాడిన ‘డూ ద రెగే’ రికార్డుతో ఈ సంగీతానికి పేరు స్థిరపడింది.

దీని గుట్టు లయలో ఉంది. నాలుగు దెబ్బల ఆవృతంలో డ్రమ్ముల బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది, మొదటిది ఖాళీ. దీన్ని ‘వన్ డ్రాప్’ అంటారు. గిటారూ ఆర్గనూ దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో తెగ్గొట్టినట్టు మోగుతాయి. కర్ణాటక సంగీతంలో సమం దాటాక పల్లవి ఎత్తుకునే అనాగత ఎడుపు విన్న చెవికి ఈ ఖాళీ వెంటనే పట్టుబడుతుంది. ఇక రాగాన్ని నడిపే పని గొంతు కన్నా ఎక్కువగా బేస్ గిటార్‌ది. ఈ పొందిక ఎంత గట్టిదంటే, దాని మీద ఏ భాష పెట్టినా నిలుస్తుంది. దేశదేశాల్లో ఈ పాట వేళ్లూనుకోవడానికి మొదటి కారణం ఇదే.

రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసుకునే ఆస్బోర్న్ రడక్ అనే మెకానిక్ 1970లలో మరో దారి తీశాడు. కింగ్ టబ్బీగా పేరుబడ్డ ఆయన అప్పటికే రికార్డయిన పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్మునూ బేస్‌నూ మిగిల్చి, మధ్యమధ్య ప్రతిధ్వనులు వదిలి కొత్త రూపమిచ్చాడు. దాని పేరు ‘డబ్’. నేడు ప్రపంచమంతా రీమిక్స్ అంటున్నదానికి పునాది ఆయన పనిచేసిన చిన్న గదిలోనే పడింది.

| బాక్స్: కన్యాస్త్రీ నడిపిన సంగీత బడి |
కింగ్‌స్టన్‌లో క్యాథలిక్ కన్యాస్త్రీల ఆల్ఫా బాయ్స్ స్కూలు అనాథలకు, దారితప్పిన పిల్లలకు ఆశ్రయం. అక్కడ వడ్రంగం, కుట్టుపనితోపాటు బ్యాండు కూడా నేర్పేవారు. సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ డేవిస్ జాజ్, బ్లూస్ రికార్డులు సేకరించి పిల్లలకు వినిపించేవారు. ట్రాంబోన్ విద్వాంసులు డాన్ డ్రమండ్, రికో రాడ్రిగెజ్, శాక్సఫోన్ వాద్యకారుడు టామీ మెకూక్ ఈ బడి పిల్లలే. స్కా సంగీతానికి ప్రాణం పోసిన స్కాటలైట్స్ బృందంలో ఆల్ఫా విద్యార్థులు పలువురు ఉన్నారు.

వేళ్లు వెతుక్కున్న తరం

రెగేలో ‘రూట్స్’ అనే పాయకు ఊపిరి రాస్తాఫారి విశ్వాసం. నల్లవారికి ఆఫ్రికాయే తల్లినేల అని చాటిన మార్కస్ గార్వీ 1887లో జమైకాలోని సెయింట్ ఆన్స్ బేలో పుట్టారు. 1930 నవంబరు 2న ఇథియోపియా సింహాసనమెక్కిన హైలీ సెలాసీని పేద జమైకన్లు కొందరు దైవంగా కొలిచారు. వాళ్లే రాస్తాలు. బానిసత్వాన్ని, దాని వెనకున్న పాలననూ కలిపి ‘బాబిలోన్’ అన్నారు. జుట్టు జడలు కట్టనిచ్చారు. ఊరు వాళ్లను వెలివేసినట్టే చూసింది. 1963 ఏప్రిల్‌లో కోరల్ గార్డెన్స్ అనే చోట జరిగిన హింస తర్వాత పోలీసులు రాస్తాలను వేటాడి కొట్టారు, జుట్టు కత్తిరించారు. దానికి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. యాభై నాలుగేళ్ల ఆలస్యం.

1966 ఏప్రిల్ 21న సెలాసీ చక్రవర్తి కింగ్‌స్టన్‌లో దిగినప్పుడు వానలో తడుస్తూ వచ్చిన జనం విమానాన్ని చుట్టేశారు. ఆయన కొంతసేపు బయటికి రాలేకపోయారు. చివరికి రాస్తా పెద్ద మోర్టిమర్ ప్లానో మెట్లెక్కి జనాన్ని శాంతపరిస్తేగాని కాలు కింద పెట్టలేదు. ఆ గుంపులో బాబ్ మార్లీ భార్య రీటా ఉన్నారు. ఆమె రాస్తా విశ్వాసం వైపు మళ్లింది ఆ రోజునే.

1945 ఫిబ్రవరి 6న నైన్ మైల్ అనే కొండపల్లెలో పుట్టిన మార్లీ, ట్రెంచ్‌టౌన్ పేటలో పీటర్ టోష్, బన్నీ వెయిలర్‌లతో జట్టుకట్టాడు. వీళ్లకు గొంతులు కలిపి పాడటం నేర్పింది అదే పేటలో ఉండే జో హిగ్స్. 1973లో లండన్‌లోని ఐలండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ వీళ్ల ఆల్బమ్ ‘క్యాచ్ ఎ ఫైర్’ను రాక్ సంగీత శ్రోతలకు నచ్చేలా మెరుగులు దిద్ది విడుదల చేశాడు. ఆ తలుపులోంచి రెగే ప్రపంచంలోకి నడిచింది. ఈ మెరుగుల్ని తప్పుపట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. అవి లేకపోతే అబిడ్జాన్‌లోనో ఆక్లండ్‌లోనో ఆ రికార్డు చేతికందేది కాదన్నదీ అంతే నిజం.

పదును తగ్గని రూట్స్ వినాలంటే బర్నింగ్ స్పియర్ దగ్గరికి వెళ్లాలి. అసలు పేరు విన్‌స్టన్ రాడ్నీ. గార్వీ పుట్టిన ఊరివాడే. 1975 నాటి ఆయన ఆల్బమ్ పేరే ‘మార్కస్ గార్వీ’. పాఠ్యపుస్తకాలు వదిలేసిన చరిత్రను మంత్రం జపించినట్టు పాడతాడు. ‘కల్చర్’ బృందం 1977లో తెచ్చిన ‘టూ సెవెన్స్ క్లాష్’ ప్రభావం మరో రకం. ఆ ఏడాది రెండు ఏడులు కలిసిన జూలై 7న ఏదో జరుగుతుందని భయపడి కింగ్‌స్టన్‌లో చాలామంది ఇల్లు కదల్లేదు.

ఆడగొంతులు ఈ చరిత్రలో వెనక వరుసలోనే ఉండిపోయాయి. రీటా మార్లీ, మార్షియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్ ‘ఐ-త్రీస్’గా మార్లీ వెనక పాడారు. 1979లో జూడీ మోవాట్ తన పేరు మీదే ‘బ్లాక్ వుమన్’ తెచ్చారు. దానికి దక్కాల్సిన పేరు ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు.

రాజకీయం కూడా ఈ పాటను వదల్లేదు. రెండు పార్టీలు తుపాకులు పంచిన పేటలవి. 1976 డిసెంబరు 3న మార్లీ ఇంట్లో దుండగులు కాల్పులు జరిపారు. గాయంతోనే రెండు రోజుల తర్వాత ఆయన వేదికెక్కి పాడి, తర్వాత లండన్ వెళ్లిపోయారు. తిరిగొచ్చాక 1978 ఏప్రిల్ 22న ‘వన్ లవ్ పీస్ కాన్సర్ట్’లో ప్రధాని మైకేల్ మాన్లీ చేతినీ ప్రతిపక్ష నేత ఎడ్వర్డ్ సియాగా చేతినీ తన తల మీదుగా కలిపారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అయినా 1980 ఎన్నికల ఏడాది హింసలో వందలమంది చనిపోయారు. పాటకు అంత శక్తి ఉందని నమ్మడం అందంగా ఉంటుంది, కాని జమైకా అనుభవం అది చెప్పదు. మరుసటి ఏడాది మే 11న, 36 ఏళ్ల వయసులో, మార్లీ క్యాన్సర్‌తో మరణించారు.

| బాక్స్: ఓడ దిగిన భారతీయులు |
బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి 1845 నుంచి 1917 వరకు దాదాపు 36 వేలమంది భారతీయులను జమైకాకు తరలించారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు రేవు నుంచి ఓడెక్కారు. గంజాయి వాడకం, దాని పేరూ ఆ దీవికి వీరి ద్వారానే చేరాయి. రాస్తాఫారి తొలి ప్రచారకుల్లో ఒకరైన లెనార్డ్ హోవెల్ తన పుస్తకాన్ని ‘జి.జి. మరాఘ్’ అనే కలంపేరుతో ప్రచురించారు. ‘గంగున్‌గురు మరాఘ్’ అనే ఆ పేరులో భారతీయ కూలీల భాష ఛాయ కనిపిస్తుంది.

బ్రిటన్: కొట్లాటల నడుమ

1948 జూన్ 22న ‘విండ్రష్’ ఓడ దిగిన కరీబియన్ కార్మికుల పిల్లలు 1970లకు యువకులయ్యారు. పుట్టింది బ్రిటన్‌లోనే అయినా ఉద్యోగం దొరకడం కష్టం, పోలీసులు వీధిలో ఆపి సోదా చేయడం మామూలు. బర్మింగ్‌హామ్‌లోని హాండ్స్‌వర్త్ కుర్రాళ్లు 1975లో ‘స్టీల్ పల్స్’ పెట్టారు. 1978 నాటి వాళ్ల తొలి ఆల్బమ్ ‘హాండ్స్‌వర్త్ రెవల్యూషన్’. జమైకాను తలచుకుంటూ పాడటం మాని తమ వీధి పేరే పెట్టుకోవడం అక్కడ కొత్త మలుపు. అదే నగరంలో నల్లవారూ తెల్లవారూ కలిసి పెట్టిన బృందం నిరుద్యోగ భృతి దరఖాస్తు ఫారం నంబరునే పేరుగా పెట్టుకుంది: ‘యూబీ40’.

పంజాబీలు ఎక్కువగా ఉండే లండన్ శివారు సౌతాల్‌లో ‘మిస్టీ ఇన్ రూట్స్’ బృందం ఉండేది. 1979 ఏప్రిల్ 23న జాత్యహంకార పార్టీ నేషనల్ ఫ్రంట్ అక్కడ సభ పెడితే ఆసియన్లు, నల్లవారు, తెల్ల ఉద్యమకారులు కలిసి వీధిలోకి వచ్చారు. పోలీసు దాడిలో బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు మరణించాడు. బృందం వ్యవహారాలు చూసే క్లారెన్స్ బేకర్ తలకు దెబ్బతగిలి కోమాలోకి వెళ్లాడు. జమైకాలో పుట్టి లండన్‌లో పెరిగిన కవి లింటన్ క్వేసీ జాన్సన్ పీచ్ మృతి మీద కవిత రాసి డబ్ సంగీతం మీద చదివాడు. వార్తాపత్రికలో చోటు దొరకనిది రికార్డులోకి ఎక్కింది.

హాండ్స్‌వర్త్‌లోనే పంజాబీ కుటుంబంలో పుట్టిన స్టీవెన్ కపూర్ 1990లలో ‘అపాచీ ఇండియన్’ పేరుతో భాంగ్రానూ రెగేనూ కలిపాడు. 1993లో వచ్చిన ‘బూమ్ షాక్-ఎ-లాక్’ భారతదేశంలోనూ ఊరూరా మోగింది. రెగే అని తెలియకుండానే తెలుగు యువత రెగేకు దగ్గరి పాట విన్నది.

ఆఫ్రికా: తిరిగి చేరిన పాట

ఐవరీ కోస్ట్‌లోని డింబోక్రోలో 1953లో పుట్టిన సెయ్దూ కోనేను ప్రపంచం ఆల్ఫా బ్లాండీగా ఎరుగును. అవ్వ చేతుల్లో పెరిగాడు. చదువుకోసం అమెరికా వెళ్లి, అక్కడ రెగే పట్టుకుని తిరిగొచ్చాడు. జడలు కట్టిన జుట్టుతో ప్రవక్తలా మాట్లాడే కొడుకును చూసి ఇంట్లోవాళ్లు మానసిక చికిత్సాలయంలో చేర్చారు. అక్కడినుంచి బయటపడి 1982లో ‘జా గ్లోరీ’ తెచ్చాడు. అందులోని ‘బ్రిగేడియర్ సబారీ’ పోలీసు దెబ్బల గురించి డ్యూలా భాషలో పాడిన పాట. పోలీసు దౌర్జన్యం గురించి బాహాటంగా పాడటం అప్పట్లో అక్కడ సాహసమే. 1986లో కింగ్‌స్టన్ వెళ్లి, మార్లీ వాద్యబృందం వెయిలర్స్‌తోనే ‘జెరూసలెం’ రికార్డు చేశాడు.

ఆయన తర్వాతివాడు టికెన్ జా ఫకోలీ. 1968లో అదే దేశంలోని ఒడియెన్నేలో పుట్టాడు. ఆయన పాట మరీ ముక్కుసూటి. ఒకప్పుడు వలస పాలన చేసిన ఫ్రాన్స్ ఆఫ్రికా పాలకులతో నడిపే రహస్య బేరాల మీద 2002లో ‘ఫ్రాన్సాఫ్రిక్’ ఆల్బమ్ తెచ్చాడు. స్వదేశంలో ప్రాణభయం ఏర్పడి మాలీ రాజధాని బమకోకు వలసపోయాడు. 2007లో సెనెగల్ అధ్యక్షుణ్ని వేదికమీద విమర్శించినందుకు ఆ దేశం తలుపులు మూసేసింది. కచేరీల రాబడితో పల్లెల్లో బడులు కట్టిస్తున్నాడు. ఆయన మాటల్లో తొందరపాటు ఉందనేవారు ఉండవచ్చు, కాని ఆ మాటలకు ధర చెల్లించింది ఆయనే.

దక్షిణాఫ్రికా కథ గుండె పట్టేస్తుంది. 1964 ఆగస్టు 3న ఎర్మెలో అనే చిన్న ఊళ్లో, అంతకుముందు గర్భాలు నిలవని తల్లికి దక్కిన బిడ్డ కాబట్టి ‘లక్కీ’ అని పేరుపెట్టారు. తల్లి పనికోసం దూరం వెళితే అమ్మమ్మ పెంచింది. లక్కీ డూబే మొదట జులూ భాషలో ఎంబకాంగా అనే స్థానిక సంగీతం పాడి పేరు తెచ్చుకున్నాడు. 1984లో దాన్ని పక్కనపెట్టి ‘రాస్తాస్ నెవర్ డై’ చేశాడు. జాతివివక్ష (అపార్థైడ్) ప్రభుత్వం నిషేధించింది, రికార్డూ పెద్దగా అమ్ముడుపోలేదు. పాత పాటలకే తిరిగి రమ్మని కంపెనీ కోరినా మళ్లీ రెగేనే చేశాడు. 1987లో ‘స్లేవ్’, 1989లో ‘ప్రిజనర్’ ఆయన పేరును ఖండమంతటా ఇంటింటికీ చేర్చాయి. తాగుడుకు బానిసైనవాడి గురించి, జైలు గురించి, తెల్లా నల్లా కలిసి బతకడం గురించి ఎత్తైన సన్నటి గొంతుతో పాడాడు. 2007 అక్టోబరు 18 రాత్రి జొహన్నెస్‌బర్గ్‌లో పిల్లలను బంధువుల ఇంటి దగ్గర దించుతుండగా కారు దొంగలు ఆయన్ని కాల్చి చంపారు. తాము కాల్చింది ఎవరినో వారికి తెలియదు. 2009లో ముగ్గురికి యావజ్జీవ శిక్ష పడింది. నేరాల బారినుంచి జనాన్ని కాపాడమని ఏళ్ల తరబడి పాడిన మనిషి ఆయన.

బ్రెజిల్: భాష తెలియని ప్రేమ

బ్రెజిల్ ఈశాన్యాన మరాన్యావ్ రాష్ట్ర రాజధాని సావ్ లూయిస్‌ను ‘బ్రెజిల్ జమైకా’ అంటారు. కరీబియన్ రేడియో స్టేషన్లు అక్కడ వినపడటం వల్ల రెగే వచ్చిందని కొందరు, ఓడ నావికులు రికార్డులు తెచ్చి అమ్మారని కొందరు చెబుతారు. ఇంగ్లిష్ రాని పేద నల్లవారు ఆ పాటలను గుండెకు హత్తుకున్నారు. పాట అసలు పేరుతో పనిలేకుండా ‘మెలో’ అంటూ సొంత పేర్లు పెట్టుకున్నారు. ‘రేడియోలా’ అనే స్పీకర్ల గోడల ముందు జంటలు ఒకరినొకరు హత్తుకుని నెమ్మదిగా ఆడతాయి. రెగేకు జంట నాట్యం మరెక్కడా ఇలా స్థిరపడలేదు. జమైకాలోనే మరుగునపడిన గాయకుల రికార్డులకు ఇక్కడ ఇప్పటికీ ఆదరణ ఉంది.

ఆ ఊరి బృందం ‘ట్రీబో డి జా’ పుట్టుక ఇంకా విశేషం. అంధుల పాఠశాలలో కలిసిన నలుగురు చూపులేని వాద్యకారులు, పాక్షికంగా చూపున్న మరొకరు నృత్యశాలల్లో వాయిస్తూ తిరిగేవారు. రేడియోలో రెగే కార్యక్రమం నడిపే ఫౌజీ బేడౌన్ గాయకుడిగా కలిశాక పోర్చుగీసు భాషలో సొంత రూట్స్ పాటలు వచ్చాయి. ఇక సాల్వదోర్ నగరంలో 1979లో మొదలైన ‘ఒలోదుమ్’ డ్రమ్ముల దళం సాంబానూ రెగేనూ కలిపి కొత్త నడక సృష్టించింది. అదే ఏడాది బ్రెజిల్ గాయకుడు జిల్బెర్తో జిల్ మార్లీ పాట ఒకదాన్ని పోర్చుగీసులోకి తెచ్చాడు. సైనిక పాలన సడలుతున్న రోజుల్లో, దూరమైన మిత్రులను తలచుకునేవారికి అది ఊరట అయింది.

పసిఫిక్: భూమి కోసం

1979 ఏప్రిల్‌లో మార్లీ న్యూజిలాండ్ నగరం ఆక్లండ్‌లోని వెస్టర్న్ స్ప్రింగ్స్‌లో పాడారు. అక్కడి ఆదివాసులైన మావోరీలు, సమోవా, టోంగా దీవుల వలసజనం ఆ కచేరీకి వరదలా వచ్చారు. అప్పటికి ఏడాది కిందటే, 1978 మే 25న, బాస్టియన్ పాయింట్ అనే తమ పూర్వీకుల నేలను 506 రోజులు పట్టుకుని కూర్చున్న మావోరీలను పోలీసులు ఖాళీ చేయించారు, 222 మందిని అరెస్టు చేశారు. వలసజనాన్ని వీసా తనిఖీల పేరుతో తెల్లవారుజామున ఇళ్లలోంచి లాక్కెళ్లిన రోజులు కూడా అవే. ఆ ఇళ్లలోని కుర్రాళ్లే ‘హెర్బ్స్’ బృందమయ్యారు. 1981 నాటి వాళ్ల తొలి రికార్డు ‘వాట్స్ బీ హ్యాపెన్?’ అట్ట మీద బాస్టియన్ పాయింట్‌ను చుట్టుముట్టిన పోలీసుల ఫొటో ఉంటుంది. మరుసటి ఏడాది పసిఫిక్‌లో ఫ్రాన్స్ అణుపరీక్షల మీద ‘ఫ్రెంచ్ లెటర్’ పాడారు. ఆ తెల్లవారుజాము దాడులకు న్యూజిలాండ్ ప్రభుత్వం 2021లో క్షమాపణ చెప్పింది.

ఆస్ట్రేలియాలో ఆదివాసీ బృందం ‘నో ఫిక్స్‌డ్ అడ్రస్’ ఇదే దారిలో నడిచింది. 1981 సినిమా ‘రాంగ్ సైడ్ ఆఫ్ ద రోడ్’లో వాళ్ల రోజువారీ బతుకే కథ.

ఇంకా ఎక్కడెక్కడో

ఫ్రాన్స్‌లో సెర్జ్ గేన్స్‌బూర్ 1979లో కింగ్‌స్టన్ వెళ్లి, జాతీయగీతాన్ని రెగేలో రికార్డు చేసి మాజీ సైనికుల ఆగ్రహానికి గురయ్యాడు. జపాన్‌లోని యొకోహామాకు చెందిన ‘మైటీ క్రౌన్’ సౌండ్ సిస్టమ్ 1999లో న్యూయార్క్ పోటీలో జమైకన్ల మీదే గెలిచింది. భారతదేశంలో 2009లో ఢిల్లీలో ‘రెగే రాజాస్’ మొదలైంది. వారి చొరవతోనే 2016లో ‘గోవా సన్‌స్ప్లాష్’ ఉత్సవం వచ్చింది. ఇక్కడి రెగే ఇంకా నగరాల వినోదంగానే ఉంది. ఢిల్లీలో తరు దాల్మియా వంటివారు సౌండ్ సిస్టమ్‌ను నిరసన సభలకు మోసుకెళ్లినా, ఆ ఊపు ప్రాంతీయ భాషల్లోకి రాలేదు. హెర్బ్స్‌కు, ఫకోలీకి ఉన్న బలం వారి సొంత జనం సొంత గొడవ. ఆ బలం లేనిచోట రెగే అనుకరణగా మిగులుతుంది.

2018 నవంబరులో జమైకా రెగేను యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కొత్తగా వినదలచినవారు మార్లీ ప్రసిద్ధ పాటల సంకలనంతో ఆగిపోవద్దు. బర్నింగ్ స్పియర్ ‘మార్కస్ గార్వీ’తో మొదలుపెట్టి, స్టీల్ పల్స్ ‘హాండ్స్‌వర్త్ రెవల్యూషన్’, ఆల్ఫా బ్లాండీ ‘జెరూసలెం’, లక్కీ డూబే ‘ప్రిజనర్’, హెర్బ్స్ ‘వాట్స్ బీ హ్యాపెన్?’ ఆ వరుసలో వినాలి. ఫోన్ స్పీకరులో బేస్ వినపడదు. మంచి హెడ్‌ఫోన్లో, పెద్ద స్పీకర్లో దొరికించుకుని వినండి.